ఎడింబరో పాత బడి - ఇరవై గదులు తగ్గిన హోటలు

మనలో ఎడింబరో చూడనివారు తక్కువ. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడల్లా కోట చూపించి, కాల్టన్ హిల్ ఎక్కించి, ఫొటోలు తీసి తీసుకువస్తాం. ఆ కొండ దక్షిణపు వాలులో, రీజెంట్ రోడ్డు పక్కన, మసిబారిన రాతిస్తంభాలతో గ్రీకు గుడిలాంటి పొడుగాటి కట్టడం ఒకటుంది. కారు ఆపడానికి చోటు దొరక్క చాలామంది దాటిపోతుంటారు. అది పాత రాయల్ హైస్కూలు. ఏథెన్సులోని హెఫెస్టస్ గుడిని మనసులో పెట్టుకుని థామస్ హామిల్టన్ దీన్ని రూపొందించాడు. 1829లో పూర్తయింది. దీన్ని హోటలు చేద్దామని వేసిన ప్లాను, అది కాదన్నాక దిద్ది మళ్ళీ వేసిన ప్లాను - ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే కనిపించేది చెప్పాలని ఈ వ్యాసం.

బడి 1968లో ఊరి శివారుకు వెళ్ళిపోయింది. తరువాత స్కాట్లండు అసెంబ్లీ ఇక్కడే కూర్చుంటుందని లోపలి హాలుని సభామందిరంగా మార్చారు. 1979 రెఫరెండంలో అవునన్నవారే ఎక్కువ. కాని మొత్తం ఓటర్లలో 40 శాతం అవునని తీరాలని షరతు పెట్టడంతో అసెంబ్లీ రానేలేదు. ఇరవై ఏళ్ళ తరువాత 1999లో పార్లమెంటు వచ్చిందిగాని ఇక్కడికి కాదు, దాని సొంత భవనం తరువాత కొండ కింద హోలీరూడ్‌లో లేచింది. పెళ్ళివారు రాని పందిరిలా మిగిలిపోయింది పాపం. సొంతదారైన సిటీ కౌన్సిలు చివరికి 2010లో హోటలు కట్టేవారిని ఎంచుకుంది.

మొదటి ప్లానులో 147 గదులు. పాత భవనంలో రిసెప్షను, భోజనాల హాళ్ళు. పడక గదులన్నీ దానికి అటూ ఇటూ కొత్తగా లేచే రెండు పెద్ద భాగాల్లో. బొమ్మ చూడగానే నాకు కావడి గుర్తొచ్చింది. మధ్యలో సన్నటి మనిషి, రెండు పక్కలా అతనికన్నా పెద్ద కుండలు. 2015 డిసెంబరులో కౌన్సిలు కమిటీ 8 ఓట్లకు 7 ఓట్లతో కాదంది. అంటే ఒక్క చెయ్యి తేడా. అలాంటప్పుడు కాస్త సర్ది మళ్ళీ వేస్తే గట్టెక్కుతామని ఎవరైనా అనుకుంటారు. 2017లో గదులు 127కి దించి, కొత్త భాగాల ఎత్తూ బరువూ కొంత తగ్గించి మళ్ళీ పెట్టారు. ఆ ఆగస్టులో ఏకగ్రీవంగా కాదన్నారు!

చిన్న ప్లానుకి పెద్ద ఓటమి ఏమిటని ఆశ్చర్యపడనక్కరలేదు. ఈలోగా 2016లో, అదే భవనాన్ని సెంట్ మేరీస్ మ్యూజిక్ స్కూలుకి ఇచ్చే వేరే ప్లానుకి అనుమతి దొరికింది. పక్కన ఇంకో దారి కనబడుతుంటే కమిటీవారికి కాదనడం సులువు. కాని అసలు కారణం ప్లానులోనే ఉంది. 147లోంచి 20 తీసేస్తే తగ్గింది ఏడో వంతు. కుండలు కాస్త చిన్నవయ్యాయి, కావడి కావడిగానే ఉంది. మందే సరిపడనప్పుడు మోతాదు తగ్గిస్తే సైడ్ ఎఫెక్టులు తగ్గవచ్చు, జబ్బు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

గీసినవారి చెయ్యి తక్కువదని నేననను. గారెత్ హాస్కిన్స్ ఆఫీసు అది. 2011లో తిరిగి తెరిచిన నేషనల్ మ్యూజియంలో పాత హాలుని ఎంత మర్యాదగా బాగుచేశారో చూసినవారికి తెలుసు. హాస్కిన్స్ 2016 జనవరిలో చిన్న వయసులోనే పోయాడు. లోపమంతా ఆయన చేతికిచ్చిన లెక్కలోనే ఉంది. హోటలుకి గదులే రాబడి. హామిల్టన్ బడిలో గదులకి చోటు లేదు. మధ్యన పెద్ద హాలు, ముందు స్తంభాలు, అటూ ఇటూ కొసల్లో చిన్న మంటపాలు. కాబట్టి గదులు బయటే లేవాలి. ఆ కట్టడం అందమంతా రెండు పక్కలా ఖాళీ ఉండి, కొండరాతిలోంచి పుట్టినట్టు పొడుగ్గా, పొట్టిగా కనబడడంలో ఉంది. గదులు కావాలంటే సరిగ్గా ఆ ఖాళీయే ఖర్చవుతుంది.

మన హైదరాబాదు ఫలక్‌నుమా 2010లో తాజ్ హోటలు అయింది. అక్కడున్నవి 60 గదులు. నవాబులు కాపురమున్న మహలు కాబట్టి అతిథుల్ని దింపుకోవడం దానికి కొత్త కాదు. చరిత్ర ఉన్న భవనంలో హోటలు పెట్టడమే అపచారమనే వాదన నాకు నచ్చదు. ఏ భవనం ఏ పనికి ఒదుగుతుందో చూడాలి. సంగీతపు బడికి కావలసింది హాలు. అది కట్టినవాడే ఇచ్చిపోయాడు.

"యాభై ఏళ్ళు పావురాలకి వదిలేసే బదులు హోటలయితే నలుగురికి ఉద్యోగాలొచ్చేవి కదా డాక్టరుగారూ" అని మన సంఘంలో పెద్దాయన ఒకరు వాదించారు. ఆ మాట తీసిపారేయలేను. సంగీతం ప్లాను వెనక డునార్డ్ ఫండ్ అనే ధర్మనిధి డబ్బుంది. అలాంటి దాత ప్రతి పాడుపడ్డ భవనానికీ దొరకడు. హోటలువారు అప్పీలుకి వెళితే స్కాట్లండు మంత్రులు 2020 అక్టోబరులో దాన్ని కొట్టేశారు. పదేళ్ళు గడిచిపోయాయి, ఆ పదేళ్ళూ వాన కురుస్తూనే ఉంది. 2021లో కౌన్సిలు ఆ భవనాన్ని జాతీయ సంగీత కేంద్రానికి ఎంపిక చేసింది.

ఈసారి ఎడింబరో వెళితే కానన్‌గేట్ చర్చి వెనక శ్మశానంలోకి వెళ్ళి కొండవైపు తిరిగి నిలబడండి. ఆర్థికశాస్త్రం రాసిన ఆడం స్మిత్ సమాధి ఆ ఆవరణలోనే ఉంది, పిల్లలకి చూపించవచ్చు. అక్కణ్ణించి బడి మొత్తం ఒక్క చూపులో కనబడుతుంది. రెండు అరచేతులూ చాచి బడికి అటొకటి ఇటొకటి అడ్డం పెట్టి చూడండి. ప్లాను బొమ్మలతో పనిలేదు.