పెట్టెలో దాగిన పది మొక్కలు

‘ఆర్’ అనే గణాంక భాషను కంప్యూటర్‌లో ఎక్కించుకున్న ప్రతివారికీ దానితోపాటు ముప్పై మొక్కల బరువులు కూడా అందుతాయి. ‘ప్లాంట్‌గ్రోత్’ అనే ఆ పట్టికలో మామూలుగా పెంచిన మొక్కలు 10, రెండు వేర్వేరు పద్ధతుల్లో పెంచినవి పదేసి. ఎండబెట్టి తూచిన బరువులవి. ఒక్క పంక్తి ఆదేశమిస్తే మూడు గుంపులకూ మూడు పెట్టెలు తెరమీద నిలుస్తాయి. పెట్టె నడుమ గీత మధ్యగతం. కింది అంచు మొదటి చతుర్థాంశం, పై అంచు మూడవది. పైకీ కిందికీ సాగే గీతలను మీసాలంటారు. పెట్టె పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరం దాటిన విలువలు విడి చుక్కలుగా కనిపిస్తాయి. చిత్రం ముచ్చటగా ఉంటుంది. నా అభ్యంతరం ఆ ముచ్చట మీదే.

మొదటి పద్ధతిలో పెరిగిన పది మొక్కల బరువులను వరసగా పేర్చితే ఇలా వస్తాయి: 3.59, 3.83, 4.17, 4.32, 4.41, 4.69, 4.81, 4.89, 5.87, 6.03. పాఠకులు పెన్సిల్ చేతికి తీసుకోవచ్చు. ఆర్‌లో మొదటినుంచీ ఉన్న ‘బాక్స్‌ప్లాట్’ ఆదేశం వీటిని ఐదూ ఐదుగా విడదీసి, ఒక్కో సగంలో నడిమి విలువను తీసుకుంటుంది. అవి 4.17, 4.89. తేడా 0.72. దానికి ఒకటిన్నర రెట్లు 1.08. కనుక పై హద్దు 5.97. దాన్ని దాటినది 6.03 ఒక్కటే. చిత్రంలో ఒక్క చుక్క.

ఇప్పుడు అదే ఆర్‌లో, హ్యాడ్లీ విక్‌హామ్ రూపొందించిన ‘జీజీప్లాట్2’తో గీద్దాం. పక్కపక్క విలువల మధ్య దూరాన్ని పంచి లెక్కించడం దాని పద్ధతి. దాని ప్రకారం చతుర్థాంశాలు 4.2075, 4.87. తేడా 0.6625, పై హద్దు 5.86375. ఇంకేముంది, 5.87 బరువున్న మొక్క వెంట్రుకవాసిలో గీత దాటింది! చిత్రంలో రెండు చుక్కలు.

దత్తాంశం ఒకటే, భాష ఒకటే, చిత్రాలు మాత్రం రెండు. దీన్ని ప్రోగ్రాములో తప్పు అనలేం. చతుర్థాంశానికి సర్వసమ్మతమైన నిర్వచనం లేదు. ఆర్‌లోని ‘క్వాంటైల్’ ఆదేశం తొమ్మిది రకాలుగా లెక్కకట్టగలదు. విలువలు వేలల్లో ఉంటే ఈ తేడా దాదాపు కనిపించదు. జీజీప్లాట్2 సహాయ పత్రంలో దీని గురించి ఒక మాట ఉంది కూడా. కాని చిత్రం కింద ఆ మాట ఎవరు రాస్తారు?

చుక్కలతో వచ్చే ప్రమాదం వేరే ఉంది. ‘ఔట్‌లయర్’ అన్న మాటకు అనువాదాల్లో నేను ‘వెలి బిందువు’ అని రాస్తూ వచ్చాను. ఇప్పుడది నాకే రుచించడం లేదు. వెలి అనగానే వెలివేయడం స్ఫురిస్తుంది. చుక్క కనబడగానే దాన్ని కొట్టేసి సగటు మళ్లీ కట్టేవారున్నారు మరి. ఈ పది మొక్కల సగటు 4.66. ఒకదాన్ని తొలగిస్తే 4.51, రెంటినీ తొలగిస్తే 4.34. మామూలుగా పెరిగిన వాటి సగటు 5.03 కాబట్టి, రెండు గుంపుల మధ్య తేడా 0.37 నుంచి 0.69కి, అంటే రెట్టింపుకు చేరువగా పెరిగిపోతుంది. ఆ పెరుగుదలకు కారణం మొక్కలు కావు, మనం ఎంచుకున్న ఆదేశం. 1977లో తన పుస్తకం ద్వారా పెట్టె చిత్రానికి ప్రచారం తెచ్చిన జాన్ టుకీ దాన్ని కాగితం మీద చేత్తో గబగబా గీసుకునే సాధనంగా ఇచ్చారు. బయటి చుక్క ‘ఇక్కడ ఆగి చూడు’ అనే సూచన మాత్రమే.

పెట్టెకు మరో లోపముంది: లోపలి ఆకారం కనబడనివ్వదు. ఆర్‌తో వచ్చే మరో పట్టికలో అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో ఉన్న ‘ఓల్డ్ ఫెయిత్‌ఫుల్’ అనే వేడినీటి బుగ్గ 272 సార్లు ఎంతెంతసేపు చిమ్మిందో ఉంది. అది చిమ్మితే రెండు నిమిషాల దరిదాపుల్లో ఆగుతుంది, లేదా నాలుగున్నర దాకా సాగుతుంది. మూడు నిమిషాలు అరుదు. పెట్టె మాత్రం 2.16 నుంచి 4.45 దాకా నిండుగా పరుచుకుంటుంది. విలువలు దాదాపు లేని చోటు అందులో నట్టనడుమన పడుతుంది. చూసేవారు అక్కడే జనం కిక్కిరిశారనుకుంటారు.

దీనికి విరుగుడుగా 1998లో హింట్జ్, నెల్సన్ ‘వయొలిన్’ చిత్రాన్ని ప్రతిపాదించారు. బుగ్గ విషయంలో అది చక్కగా పనిచేస్తుంది, రెండు ఉబ్బులూ కనిపిస్తాయి. పది మొక్కలకు వాడితే ఆ నున్నని వంపుల్లో చాలా భాగం ఊహే. పైగా జీజీప్లాట్2 తనంత తానుగా వయొలిన్లన్నింటికీ సమాన వైశాల్యమిస్తుంది. పది విలువల గుంపూ, వేయి విలువల గుంపూ ఒకే బరువుతో కనిపిస్తాయి.

చిత్రాన్ని ఎంతవరకు నమ్మవచ్చో చిత్రమే చెప్పాలన్న పట్టుదల మన దేశంలో పి.సి. మహలనోబిస్‌కు ఉండేది. 1960లో ‘ఎకనొమెట్రికా’లో ప్రచురించిన పద్ధతిలో ఆయన కుటుంబాలను ఖర్చు క్రమంలో పేర్చి, సమాన సంఖ్య గల గుంపులు చేశారు. ఒకే సర్వేలోని రెండు స్వతంత్ర ఉపనమూనాలకు రెండు రేఖలు గీశారు. ఆ రెంటి నడుమ వైశాల్యమే దోషానికి కొలత. నేటి పెట్టెల్లో అలాంటి ఒప్పుకోలు కనబడదు.

పది మొక్కలకు పది చుక్కలు పెడితే చాలునని నా అభిప్రాయం. అందులోనూ ఒక మెలిక ఉంది. జీజీప్లాట్2లో పెట్టె గీసి, దానిమీద ‘జిట్టర్’తో చుక్కలు చల్లితే, పెట్టె గీసిన రెండు బయటి చుక్కలు అలాగే ఉండిపోతాయి, లెక్కిస్తే పది మొక్కలు పన్నెండవుతాయి. పెట్టె చుక్కలను ముందుగా ఆపేయాలి. ‘జిట్టర్’ విలువలను పక్కకే కాక పైకీ కిందికీ కూడా కాస్త కదుపుతుంది కనుక నిలువు కదలికను సున్న చేయాలి.

అలా గీసి చూడండి. 3.59 నుంచి 4.89 వరకు ఎనిమిది చుక్కలు, ఆపైన ఖాళీ, తర్వాత పక్కపక్కనే రెండు. వాటిని విడిచోట పెంచారా, నీరెక్కువ అందిందా అన్నది ఆ పట్టికలో లేదు. అందులో ఉన్నవి రెండే నిలువు వరసలు: బరువు, గుంపు పేరు.