అప్రస్తుత ప్రసంగులున్న ఇల్లు

పేపర్లోంచి జారిపడే కరపత్రాలంటే నాకెంత చిరాకో ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. కర్రీ పాయింట్లవీ, బోరుబావులవీ ఓర్చుకుంటూ వచ్చాను. ఈ ఆదివారం వచ్చినదాన్ని మాత్రం ఓర్చుకోవడం నావల్ల కాలేదు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి ఏకాగ్రత పెంచే శిక్షణట. తల్లిదండ్రులకి నెలనెలా రిపోర్టు కూడా ఇస్తారట. పైన కళ్లజోడు పెట్టుకుని పుస్తకం పట్టుకున్న పసివాడి ఫొటో. వాడు చూస్తున్నది పుస్తకంలోకి కాదు, కెమెరాలోకి.

ఇంకేం, నా పాత పగ లేచి కూర్చుంది. ఫోన్ చూపిస్తూ అన్నం పెట్టడం గురించి నేను ఇక్కడ ఎన్నిసార్లు రాశానో, ఎంతమంది కోడళ్ల కోపానికి గురయ్యానో మీకు తెలుసు. రెండేళ్లలోపు పిల్లలకి తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్లవాళ్లకి రోజుకి గంట దాటొద్దని, అంతకన్నా తగ్గితే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మన పిల్లల డాక్టర్ల సంఘం కూడా 2021లో ఇంచుమించు అదే మాట చెప్పింది. ఇక నేను రాయాల్సింది సిద్ధంగానే ఉంది. ఫోన్ లాక్కోండి, వామనగుంటల పీట దించండి, ముగ్గుపిండి చేతికివ్వండి, పూలు గుచ్చడం నేర్పండి. అలా రాద్దామనే కూర్చున్నాను. ఈలోగా మా నాన్న గుర్తొచ్చారు.

నాకు ఆరేడేళ్లప్పుడు మా ఊరి రామాలయం పందిట్లో అష్టావధానం జరిగింది. నాన్న నన్ను వెంటబెట్టుకెళ్లి ముందు వరసలో చాపమీద కూర్చోబెట్టారు. అవధాని చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు. ఒకాయన నిషిద్ధాక్షరి. అవధాని ఒక అక్షరం చెప్పగానే తర్వాత ఏది రాకూడదో అడ్డం కొడుతుంటాడు. ఒకాయన సమస్య ఇస్తాడు, ఒకాయన దత్తపదికి నాలుగు మాటలిస్తాడు, ఇంకొకాయన వర్ణన అడుగుతాడు. పద్యం పాదం చొప్పున నాలుగు ఆవృత్తాల్లో పూర్తవుతుంది. ఆఖర్న అన్ని పద్యాలూ అప్పజెప్పాలి. వీళ్లు చాలనట్టు అప్రస్తుత ప్రసంగి ఒకడు. ఆయన పనే ఆటంకం కలిగించడం. పద్యం గణాల మధ్య ఉండగా వంకాయ కూర గురించి అడుగుతాడు. దానికీ నవ్వుతూ జవాబు చెప్పి, వదిలిన చోటే పద్యం అందుకోవాలి.

నాకు పద్యాలు ఎక్కలేదు. నా కళ్లన్నీ గంట కొట్టే మాస్టారి మీదే. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చిన్న ఇత్తడి గంట ఉత్తరీయం కింద దాచుకుని, అవధాని కళ్లు మూసుకున్నప్పుడు చూసి ఠంగుమని ఒకటి కొట్టేవారు. ఒక్కోసారి వెంటవెంటనే రెండు. ఆ గంటలు మొత్తం ఎన్నో అవధాని చివర్లో చెప్పాలి. నేనూ లెక్కపెట్టడం మొదలెట్టాను. పదికొకసారి గౌను జేబులోంచి చింతగింజ తీసి ఒళ్లో పెట్టుకునేదాన్ని. నాన్న అది చూశారు. ‘ఇటు చూడు, పద్యం విను’ అనలేదు. ఎన్నయ్యాయని అడగలేదు. పక్కాయన ఏదో చెప్పబోతే కూడా చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. చివరికి అవధాని చెప్పిన లెక్కకి నాది ఒకటి తక్కువొచ్చింది. అవధానిగారే తప్పు చెప్పారని దారిపొడుగునా వాదించాను. ‘అయ్యుండొచ్చమ్మా’ అన్నారు నాన్న.

ఏళ్ల తరబడి సాధన చేసి, రంగస్థలం ఎక్కి, శాలువా కప్పించుకునే పెద్దమనిషికి ఆటంకాలు పెట్టడం సరే. సంధులు నేర్చుకుంటున్న కుర్రాడి చుట్టూ ఏ గురువూ ఎనిమిదిమంది పృచ్ఛకుల్ని కూర్చోబెట్టడు. మూడేళ్ల పిల్ల చుట్టూ మాత్రం మనం రోజూ కూర్చోబెడతాం.

మొన్న వంటింట్లో పచ్చి కందికాయలు ముందేసుకుని కూర్చుంటే మా మనవరాలు బుజ్జి వచ్చి పక్కన చతికిలబడింది. కందికాయ వలవడం మనకి లెక్కలోది కాదు గానీ మూడేళ్ల బొటనవేలికి కష్టమే. కొన కొరికింది, ఈనె పట్టి లాగింది, రెండు చేతులతో నొక్కింది. గింజ ఎగిరి పొయ్యిగట్టు కింద పడితే పాక్కుంటూ వెళ్లి తెచ్చుకుంది. నాలుగో కాయలోనో అయిదో కాయలోనో ఆకుపచ్చ పురుగు. దాన్ని పొట్టుమీదికి ఎక్కించి, ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, అది ఎటు పాకితే పొట్టును అటు తిప్పుతూ కూర్చుంది. ఊపిరి కూడా మెల్లగా తీస్తోంది.

అప్పుడు వచ్చారు మా ఆయన. ‘బంగారం, ఎన్ని గింజలు వలిచావో లెక్కపెట్టి చెప్పు!’ ఈ కాలమ్‌లో ఆయన చీవాట్లు తినడం ఇది మొదటిసారి కాదు, ఆఖరిదీ కాదు. వెనకే మా అమ్మాయి ఫోన్‌తో. ‘బుజ్జీ, ఇటు చూడు నాన్నా, వీడియో తీస్తున్నా. ఛీ, పురుగు! పారెయ్ పారెయ్!’ హాల్లో ఎవరూ చూడని సీరియల్ దాని మానాన అది ఏడుస్తోంది. బుజ్జి ఒకసారి తాతయ్యని చూసింది, ఒకసారి ఫోన్‌ని చూసింది, పొట్టు వదిలేసి లేచి హాల్లోకి పోయింది. ‘చూశావా అమ్మా, దీనికి దేనిమీదా రెండు నిమిషాలు నిలకడ లేదు’ అంది మా అమ్మాయి.

మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లోని శాన్ లొరెంజో వాడలో మొదటి బడి పెట్టింది. ఆవిడ రాసుకున్న ముచ్చట ఒకటుంది. మూడేళ్ల పిల్ల ఒకతె చెక్క దిమ్మలోని గుంటల్లోంచి రకరకాల గుండ్రటి దిమ్మెలు తీసి మళ్లీ వాటి గుంటల్లోనే పెడుతోంది. మిగతా పిల్లల చేత పాడించినా ఆ పిల్ల తలెత్తలేదు. కూర్చున్న కుర్చీతో సహా ఎత్తి బల్లమీద పెడితే, దిమ్మెలు ఒళ్లోకి లాక్కుని మళ్లీ మొదలెట్టింది. నలభైసార్లకి పైగా చేసి, తనంతట తనే ఆపి, హాయిగా నిద్రలేచినట్టు చుట్టూ చూసింది. ఈ మాంటిస్సోరమ్మే 1939లో మద్రాసు అడయారు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్లపాటు ఇక్కడే ఉండి, మన టీచర్లకి పాఠాలు చెప్పింది. పని చేసుకుంటున్న పిల్ల జోలికి పోవద్దనేది ఆవిడ చెప్పిన మొదటి పాఠాల్లో ఒకటి.

అంత గోలలోనూ ఆ పిల్ల చలించలేదు కదా, మరి మా సీరియల్ వల్ల నష్టమేమిటని మా ఆయన అడిగారు. ఆ పిల్ల అప్పటికే మునిగిపోయింది. మనం మునగనిస్తేగా! 2008లో అమెరికాలో ఒక పరిశోధన అచ్చయింది. ఏడాది నుంచి మూడేళ్ల పిల్లలు ఆడుకుంటున్న గదిలో పెద్దల క్విజ్ కార్యక్రమం టీవీలో వేసి ఉంచారు. పిల్లలు దానివైపు పెద్దగా చూడలేదు. అయినా ఒక్కో బొమ్మతో ఆడే సేపు తగ్గిపోయింది. 2016లో ఇండియానా విశ్వవిద్యాలయం వాళ్లు ఏడాది పిల్లల చూపునీ, తల్లిదండ్రుల చూపునీ కలిపి కొలిచారు. బిడ్డ చూస్తున్న వస్తువునే పెద్దవాళ్లూ చూసినప్పుడు బిడ్డ దానిమీద ఎక్కువసేపు నిలిచింది. పెద్దవాళ్లు చూపు తిప్పుకున్న తర్వాత కూడా.

అంటే వదిలేసి పొమ్మని కాదు. పక్కన కూర్చుని, పిల్ల చూసేదే చూడమని. గంటలు లెక్కపెడుతున్న నా పక్కన నాన్న కూర్చున్నట్టు.

కాబట్టి వామనగుంటల సంగతి ఇవాళ్టికి వదిలేస్తున్నాను. పీట కొని ఎదురుగా పెట్టి ‘ఆడు, ఏకాగ్రత వస్తుంది’ అంటే అదీ ట్యూషనే. పిల్ల చేతిలో ఫోన్ వద్దన్న మాటకి నేనింకా కట్టుబడే ఉన్నాను. దానికన్నా ముందు కిందపెట్టాల్సింది మాత్రం మన చేతిలోది.

చేయాల్సినవి చాలా తక్కువ. బొమ్మలన్నీ ఒకేసారి కుమ్మరించకుండా నాలుగే ఉంచి మిగతావి అటకెక్కించండి. చూడని టీవీ కట్టేయండి. అన్నానికి పిలవాలంటే కాసేపు ఆగి, చేస్తున్న పని ఒక కొలిక్కి వచ్చాక పిలవండి. మెచ్చుకోలు కూడా మధ్యలో వద్దు, అయ్యాక చెప్పండి. రెండేళ్ల పిల్ల ఒక పనిమీద నాలుగైదు నిమిషాలే ఉంటే కంగారుపడకండి, ఆ వయసుకి అది మామూలే. పేరు పెట్టి పిలిచినా, చప్పుడైనా తిరిగి చూడకపోతే మాత్రం ముందు పిల్లల డాక్టరుకి చూపించి చెవులు పరీక్ష చేయించండి.

ఈ వారం మీ ఇంట్లో పసిపిల్ల దేన్నో పట్టుకుని కూర్చుంటే, అది మీకు నచ్చని పురుగే అయినా సరే, నోటిదాకా వచ్చిన ప్రశ్న మింగేసి పక్కన కూర్చోండి. మూడేళ్ల వయసులో అంతకుమించిన ఏకాగ్రత శిక్షణ ఏ పిల్లకీ అక్కర్లేదు.