అందాజు మీద ఫోకస్: రోలై 35, లోమో ఎల్‌సీ-ఎ

దూరాన్ని మనమే చెప్పాల్సిన చిన్న ఫిల్మ్ కెమెరాల్లో ఒక చిక్కుంది. వ్యూఫైండర్‌లో దగ్గరిదీ దూరానిదీ అన్నీ స్పష్టంగానే కనిపిస్తాయి. మసక సంగతి రీలు కడిగాకే తెలుస్తుంది. ఆగ్ఫా క్లిక్-3 కెమెరా రోజుల్లో ఈ గొడవ లేదు. దూరం లెన్సులోనే ఖాయం చేసి పెట్టారు, మరీ దగ్గరికి వెళ్తే మసక, అంతే. అంతకన్నా పైమెట్టు కెమెరా కావాలనుకున్నవాళ్లకే ఈ అందాజు పని మొదలవుతుంది.

ఈ పనికి ఇవాళ ఎక్కువగా వినిపించే పేర్లు రెండు. రోలై 35 జర్మన్ కెమెరా, హైంజ్ వాస్కె రూపొందించింది, 1966లో వచ్చింది. లెన్సు 40 మిల్లీమీటర్ల ఎఫ్/3.5 టెస్సార్. లెన్సు రింగు మీద మీటర్లు, అడుగులు ఉంటాయి. ఏ అపెర్చర్‌లో ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా స్పష్టంగా వస్తుందో చెప్పే గీతలూ అక్కడే ఉంటాయి. అపెర్చర్, షట్టర్ చక్రాలు లెన్సుకు చెరో పక్కన. లోమో ఎల్‌సీ-ఎ 1984 నాటిది. జపాన్ వారి కొసీనా సీఎక్స్-2ను చూసి లెనిన్‌గ్రాడ్‌లో చేశారు. దీని లెన్సు 32 మిల్లీమీటర్లు, ఎఫ్/2.8. దూరానికి పక్కన ఒక మీట, దానికి నాలుగే మెట్లు: 0.8, 1.5, 3 మీటర్లు, అనంతం. ఆటోలో పెడితే షట్టర్, అపెర్చర్ రెండూ అదే చూసుకుంటుంది.

మొదటిది కష్టపెట్టే పంతులు, రెండోది పని తేలిక చేసే దోస్తు అని చాలామంది అంటారు. వెలుతురు తక్కువైన చోట నాకు ఆ తీర్పు తలకిందులుగా ఉందనిపిస్తుంది. దానికి సాక్ష్యం నల్లగొండ పక్కన పానగల్లులోనే ఉంది.

ఛాయా సోమేశ్వరాలయం కుందూరు చోళుల కాలం నాటి త్రికూటాలయం. గర్భగుడి వెనక గోడ మీద పగలంతా కదలకుండా నిలిచే స్తంభం నీడ కోసమే అందరూ వస్తారు. కెమెరావాడికి ఆ నీడ ఏ సాయమూ చేయదు. అనేక స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చిన వెలుతురుతో పుట్టింది కనుక దాని అంచు పుట్టుకతోనే మెత్తన. ప్రింటులో నీడను చూసి ఫోకస్ కుదిరిందో లేదో చెప్పలేం, గోడ రాతి గరుకు చూడాలి. లోపల వెలుతురు తక్కువ. 400 ఐఎస్ఓ రీలు వేసినా అపెర్చర్ పూర్తిగా తెరవాల్సిందే. అసలు పరీక్ష ఇక్కడే.

మండపంలో ఒక స్తంభం పక్కన మనిషిని నిలబెట్టి, నిలువెత్తున తీయాలనుకోండి. అడుగులు లెక్కపెట్టడం కన్నా శరీరాన్నే కొలతగా వాడటం మేలు. చేతులు చాపితే ఒక బార, అంటే దాదాపు మన ఎత్తు. మోచేతి నుంచి వేలి కొసకు మూర, అంటే 45 సెంటీమీటర్లు. బార మీద అరమూర ఉంటే సుమారు 2 మీటర్లు. రోలై రింగును 2 దగ్గర పెట్టి ఎఫ్/3.5లో తీస్తే, మామూలు లెక్క ప్రకారం 1.8 నుంచి 2.3 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది. ముందూ వెనకా కలిపి మూరెడు వెసులుబాటు. తక్కువే, కానీ ఎంత తక్కువో రింగు మీద రాసి ఉంది.

ఇదే మనిషిని లోమోతో తీసి చూద్దాం. ఎఫ్/2.8లో 1.5 మెట్టు 1.35 నుంచి 1.7 మీటర్ల దాకా కాస్తుంది. 3 మెట్టు 2.4 నుంచి 4 దాకా. మధ్యలో దాదాపు ముప్పావు మీటరు ఎవరికీ చెందని చోటు. 32 మిల్లీమీటర్ల లెన్సులో, కెమెరాను నిలువుగా పట్టుకుంటే మనిషి తలనుంచి పాదాల దాకా, పైనా కిందా కాస్త ఖాళీతో పట్టే దూరం సుమారు 2 మీటర్లు. జనం ఎక్కువగా తీసే ఫొటో ఆ గుంటలోనే పడుతుంది. దానికి విరుగుడు మీట కాదు, కాళ్లు: ఒక అడుగు ముందుకో, వెనక్కో. ఆ సంగతి ముందే తెలిసినవాడికి బాధ లేదు. కొత్తవాడికి తెలియదు, ఎందుకంటే లెన్సు ఎంత తెరుచుకుందో ఈ కెమెరా చెప్పదు.

ఎండలో కథ వేరు. పెద్దగట్టు లింగమంతుల జాతర రెండేళ్లకోసారి దురాజ్‌పల్లిలో జరుగుతుంది. ఇప్పుడు సూర్యాపేట జిల్లా, 2016 దాకా నల్లగొండే. గంపలెత్తుకున్నవాళ్లు, డోళ్లవాళ్లు మన మీదికే వస్తుంటారు. అక్కడ రోలైని కంటి దగ్గర్నుంచి దించి, పైనుంచి చూసి, రింగు తిప్పేలోపు ఆ మనిషి దాటిపోతాడు. లోమో మీట మాత్రం చూడకుండానే వేలికి దొరుకుతుంది, మెట్టు మెట్టుకీ టక్కుమంటుంది. మిట్టమధ్యాహ్నం లెన్సు ఎఫ్/8కి మూసుకున్నా 3 మీటర్ల మెట్టు 1.8 నుంచి 10 దాకా కాస్తుంది, గుంట పూడిపోతుంది. ఈ చోట లోమోదే గెలుపు. రోలైవాడికి ఒకటే దారి: ఎఫ్/11, 3 మీటర్లు పెట్టుకుని ఇక రింగు ముట్టకపోవడం. అప్పుడు 1.9 నుంచి 8 మీటర్ల దాకా అతని రాజ్యమే. పాలమూరు పిల్లలమర్రి చెట్టును కంచె ఇవతలి నుంచి చూసేవాళ్లకు ఈ పోటీయే లేదు, అనంతం దగ్గర రెండూ ఒకటే.

జాతరలో పొద్దు వాలాక మళ్లీ లెక్క మారుతుంది. లోమో అడగకుండానే లెన్సు తెరుస్తూ పోతుంది, పగలు పూడిన గుంట తిరిగి తెరుచుకుంటుంది. అది చెప్పే గుర్తు ఒక్కటే: వ్యూఫైండర్‌లో షట్టర్ 1/30 కన్నా నెమ్మదించిందని హెచ్చరించే ఎర్రదీపం. చేయి వణుకుతుందని దాన్ని పెట్టారు. నేనైతే దాన్ని ఫోకస్ హెచ్చరికగా కూడా చదువుకోమంటాను. అది వెలిగిందంటే లెన్సు పూర్తిగా తెరుచుకుందనే లెక్క, ఎదురుగా ఉన్న మనిషికీ మనకూ మధ్య ఎన్ని మూరలో అప్పుడు కొలవాలి.