నరికి నిలిపిన అడవి

ఇంగ్లండ్‌లో సఫోక్ కౌంటీలోని బ్రాడ్‌ఫీల్డ్ వుడ్స్‌కు వెళ్లేవారు చెట్లతో పాటు అక్కడి కోతపనినీ చూడాలి. 1252 నుంచీ ఆ అడవిని నరుకుతూనే ఉన్నారు. అది ఇంకా పచ్చగా ఉందంటే ఆ నరుకుడు వల్లే.

చలికాలంలో, ఆకు రాలాక, హేజెల్, యాష్ చెట్లను నేలకు దగ్గరగా కొడతారు. కోత ఏటవాలుగా, నున్నగా రావాలి. వాననీరు నిలవకుండా జారిపోవాలి, బెరడు చీలకూడదు. వసంతం రాగానే మోడు చుట్టూ పిలకలు గుంపుగా లేస్తాయి. జింకలు మేయకుండా వాటికి కంప అడ్డం వేస్తారు. ఇరవై ఏళ్లు దాటాక మళ్లీ కోత. ఏటా కొంత మేరే కొడతారు కాబట్టి అడవిలో అన్ని వయసుల చెట్లూ ఉంటాయి. ఎండ తగిలిన చోట పూలు విరగబూస్తాయి.

కర్రలో వృథా అంటూ లేదు. సన్నవి చిక్కుడు పాదుకు ఊతం, చీల్చినవి తడికలకు, లావువి పొయ్యిలోకి.

అక్కడి ఒక యాష్ మోడుకు వెయ్యేళ్లుంటాయని అంచనా. మళ్లీ కోతకొచ్చేసరికి కత్తి మరొకరి చేతిలో ఉండొచ్చని తెలిసీ, ఈ కోతను ఇంత శ్రద్ధగా చేసే పనితనానికి చేతులెత్తి మొక్కాలి.