లక్ష్మి ఆసు యంత్రం పనితనం

ఘనపూర్‌లో సికింద్రాబాద్ వైపు రైలెక్కితే జనగామ, పెంబర్తి దాటాక ఆలేరు వస్తుంది. ఆ మండలంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం చదువు ఆరో తరగతితోనే ఆగింది. కొన్ని స్టార్టప్‌లు ఎందుకు నిలుస్తాయి, కొన్ని ఎందుకు పడిపోతాయి అని ఎవరైనా అడిగితే, ముందుగా ఆయన చేసిన లక్ష్మి ఆసు యంత్రాన్ని దగ్గర నిలబడి చూడమంటాను.

పోచంపల్లి తరహా పట్టుచీరకు చిటికి కట్టి (డిజైన్ ప్రకారం నూలును బిగించి కట్టడం) రంగులద్దే ముందు పేక నూలుకు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో వరుసగా పుల్లలు, ఎదురుగా ఒక పుల్ల. వాటి మధ్య దారాన్ని అటూ ఇటూ తిప్పుతూ, ఒక్కో పుల్లకు లెక్క ప్రకారం చుట్లు వేసి పక్కదానికి జరగాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9 వేల సార్లు ఆడాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలంటే 18 వేల సార్లు. ఇళ్లల్లో ఈ పని ఆడవాళ్లదే. తల్లి లక్ష్మి భుజం నొప్పిని మల్లేశం చిన్ననాటి నుంచి చూశాడు.

1992లో యంత్రం పని మొదలుపెట్టాడు. ఆయన పనితీరులో నాకు అబ్బురమనిపించేది యంత్రమంతా ఒకేసారి ఊహించకపోవడం. తల్లి చేతి కదలికను ముక్కలుగా విడదీశాడు: దారం ముందుకెళ్లడం, పుల్లను చుట్టడం, వెనక్కి రావడం, పక్క పుల్లకు జరగడం. ఒక్కోదాన్ని చెక్కతో, మోటారుతో, పుల్లీలతో సాధించుకుంటూ పోయాడు. చేతిలో డబ్బు లేదు, ఊళ్లో ఎగతాళి. హైదరాబాద్ వెళ్లి కరెంటు పనుల్లో చేరి, మిగిలిన డబ్బు యంత్రానికే పెట్టాడు. చివరి చిక్కు మాత్రం వీడలేదు. 1999లో బాలానగర్‌లో పనికి వెళ్లినప్పుడు అక్కడ ఓ యంత్రం కదలికలో దానికి జవాబు కనిపించింది. ఏడేళ్లు ఒకే చిక్కును మనసులో మోసినవాడి కంటికే అది కనిపిస్తుంది.

ఆయన ముట్టుకోకుండా వదిలేసినవి కూడా గమనించాలి. చిటికి కట్టడం చేతిపనే. రంగు అద్దకం, మగ్గం, డిజైన్ ఎప్పటిలాగే నేతగాడివి. ఒళ్లు హూనమయ్యే ఆ ఒక్క మెట్టునే యంత్రానికి అప్పగించాడు. అందుకే దాన్ని కొన్న ఇల్లు మిగతా పనిలో ఏదీ కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. ఇంత సంయమనం పెద్ద ఇంజినీర్లలో కూడా అరుదు.

అమెరికాకు చెందిన సీబీ ఇన్‌సైట్స్ అనే పరిశోధన సంస్థ మూతపడిన వందకు పైగా స్టార్టప్‌ల కథలు పరిశీలిస్తే, 42 శాతం చెప్పిన కారణం ఒకటే: తాము చేసిన వస్తువు ఎవరికీ అవసరం లేదని. వాళ్లకు పెట్టుబడి, చదువు ఉండే ఉంటాయి. శారాజీపేటలో మాత్రం అవసరం ముందు పుట్టింది, అదీ సొంత ఇంట్లో. యంత్రం చేశాకే కొనేవాళ్లను వెతుక్కోవాల్సిన పరిస్థితి మల్లేశానికి రాలేదు.

యంత్రం తిరిగాక కూడా ఆయన ఆగలేదు. తర్వాతి నమూనాలో మైక్రోకంట్రోలర్ చేర్చాడు. బ్రిగేడియర్ పోగుల గణేశం నడిపే పల్లె సృజన, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ తోడయ్యాయి. పేటెంట్ వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రం మీద చీరకు గంటన్నర చాలు. రోజంతా ఆసు పోసినా రెండు చీరలు దాటని ఇంట్లో ఆరేడు చీరల నూలు సిద్ధమవుతోంది.