సారంగధర కథలో విషాదబీజము

రాజమహేంద్రవరమున సారంగధరమెట్ట యని జనులు నేటికిని చూపు గుట్ట యొకటి కలదు. రాజరాజనరేంద్రుడు (1022-1061) తన పుత్రుని కరచరణములను ఖండింపజేసినది అచ్చటనే యని స్థలప్రతీతి. దీనికి శాసనప్రమాణము లేదు. ఆ రాజునకు అమ్మంగదేవియందు జన్మించిన రాజేంద్రుడే పిదప 1070లో చోళసింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యెను. కథ చరిత్రము కాకపోయినను కావ్యవస్తువుగా దాని విలువ తగ్గదు. దానిలోని విషాదమున కెవరు కారకులను ప్రశ్నను మాత్రమే మే మిచట పరామర్శింతుము.

పదునైదవ శతాబ్దిలో గౌరన నవనాథచరిత్ర ద్విపదలోను, పదునేడవ శతాబ్దిలో తంజావూరి రఘునాథనాయకుని యాస్థానకవి చేమకూర వేంకటకవి ప్రబంధముగను ఈ కథను సంతరించిరి. నాథసంప్రదాయమున సిద్ధుని యనుగ్రహముచే నాయకుడు పోయిన యంగములను మరల బడసి చౌరంగి యగును. సంస్కృత నాటకమర్యాద నతిక్రమించి, ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853-1912) దీనిని ‘విషాద సారంగధర’ మను నాటకముగా రచించిరి.

చిత్రాంగి పాత్రను దుష్టయని త్రోసివేయుట విమర్శలో సులభమార్గము. సవతికొడుకును కామించినది గావున ఆమె రతి అనుచితము; అది శృంగారాభాసమే కాని శృంగారము కాదని ఆలంకారికమతము ననుసరించి చెప్పవచ్చును. కాని కథయొక్క కొన్ని రూపములందు చిత్రపటవృత్తాంతము కలదు. రాకుమారునకై చూచిన కన్యను తండ్రియే పరిణయమాడును. దీని నంగీకరించినచో, ఆమె యనురాగము మొదట ఉచితస్థానముననే పుట్టినది. దాని ననుచితము గావించినది రాజు చేసిన వివాహము. ఆభాసత్వము ఆమె హృదయమున జనింపలేదు; బాంధవ్యము మారుటచే దానిపై నారోపింపబడినది.

కథాశిల్పమున మూడు సాధనములు గమనింపదగినవి. చిత్రపటము మొదటిది: మనుష్యునకు మారుగా వచ్చిన బొమ్మ ఆశను పుట్టించును గాని మాట నీయజాలదు. రెండవది పావురము. నలకథలో హంస ప్రేమసందేశమును మోసికొని పోవును. ఇచట పావురము ఏ సందేశమును లేకయే చిత్రాంగి మేడపై వ్రాలును. దూతలేని దౌత్యమును ఆమె హృదయమే కల్పించుకొనును. మూడవది ‘తల్లీ’ యను సంబోధనము. అది సారంగధరునకు ధర్మకవచము. ఆమెకు ప్రతిపర్యాయమును గాయము. ఒకే పదము ఇరువురియందు విరుద్ధార్థముల నిచ్చుటచేతనే ఆ సంవాదమునకు నాటకీయత సిద్ధించినది.

నాయకుని దోష మత్యల్పము. మిత్రుడు సుబుద్ధి వారించినను పావురమునకై ఒంటరిగా అంతఃపురమున కేగుట అవివేకమే కాని పాపము కాదు. క్రీ.పూ. 428లో యూరిపిడీసు రచించిన ‘హిప్పోలిటసు’లో థీసియసు భార్య వ్రాసిన లేఖను నమ్మి, విచారణ లేకయే కుమారుని శపించును. అశోకుని కుమారుడు కునాలుడును సవతితల్లి తిష్యరక్షిత పగచే నేత్రములను గోల్పోయెనని బౌద్ధకథ. కాని చిత్రపటము గల సారంగధర కథలో తండ్రి అపరాధము ద్విగుణము. కుమారుని కన్యను తాను గైకొనెను. పిమ్మట ఆ కుమారుని మాటనే విశ్వసింపడయ్యెను.

ఇట్లనుటచే చిత్రాంగి నిర్దోషి యగునా? కాదు. తిరస్కృతయై అబద్ధపు నింద మోపినది ఆమెయే. ఆ నిందకు శృంగారము సమాధానము కాజాలదు. ఆమె వేదనకు సానుభూతియు, ఆమె చేతకు గర్హయు ఒకేసారి పాఠకునియందు కలుగుటయే ఈ పాత్ర బలమని మా యభిప్రాయము. కేవల దుష్టగా చిత్రించినచో కథ నీతిబోధ యగును. కేవల అబలగా చిత్రించినచో సారంగధరుని బాధ బరువు కోల్పోవును.

కావున సారంగధర వాఙ్మయమును పరిశోధించువారు ప్రతి రచనయందును రెండు విషయములను పరికింపవలెను: చిత్రపటవృత్తాంతము ఉన్నదా లేదా, సిద్ధుడు వచ్చెనా లేదా. మొదటిదానిచే చిత్రాంగి పాత్రయొక్క గతియు, రెండవదానిచే రసముయొక్క గతియు నిర్ణయమగును. సిద్ధుడు కరచరణములను మొలపింపగలడు. విచారింపక దండించిన తండ్రికిని, దండింపబడిన కుమారునకును నడుమ తెగిన విశ్వాసమును మొలపించుట అతని శక్తికి మించిన పని. సుఖాంతమైన రూపములందు సైతము ఈ కథ మనలను కలచుట కదియే హేతువని మేము తలంచుచున్నాము.