డంపర్ ఇంజిన్‌కు తగిన హెడ్

పెద్దపల్లి జిల్లా రామగిరి మండలంలోని సెంటినరీ కాలనీ సింగరేణి సంస్థ రామగుండం-3 ఏరియాకు కేంద్రం. 1889లో ఇల్లందు దగ్గర బొగ్గు ఉత్పత్తి మొదలుపెట్టిన సింగరేణి నూరేళ్ళ ముచ్చటను పేరులోనే మోస్తున్న ఈ కాలనీ చుట్టూ భూగర్భ గనులతో పాటు ఓపెన్‌కాస్ట్ గనులు కూడా ఉన్నందువల్ల, ఇక్కడ బొగ్గుబాయి పని అంటే తట్టా చెమ్మస్ (బుట్ట, పార) నాటి కాయకష్టం ఎంతో, డీజిల్ యంత్రాలను బతికించుకునే పనీ అంతే. డంపర్ ఆగితే దానికి బొగ్గు, మట్టి ఎత్తిపోసే షావెల్ ఆగుతుంది, షావెల్ ఆగితే ఆ షిఫ్టు ఉత్పత్తి లెక్క తప్పుతుంది. డంపర్ ఇంజిన్‌లో అన్నిటికన్నా ముందు వేడికి, ఒత్తిడికి ఎదురు నిలిచే పెద్ద భాగాల్లో సిలిండర్ హెడ్ ఒకటి.

సిలిండర్‌కు పైనుంచి బిగించే మూతే హెడ్ అని స్థూలంగా చెప్పుకోవచ్చు గాని, ఏ మూతకూ ఇన్ని పనులు ఉండవు. గాలి లోపలికి వచ్చే దారి, పొగ బయటికి పోయే దారి దీని ఒంట్లోనే ఉంటాయి. ఈ దారులను పోర్టులంటారు. వాటిని తెరిచి మూసే వాల్వులు, వాల్వు వచ్చి కూర్చునే ఉంగరం లాంటి సీటు, వాల్వు కాడ జారే గైడు, డీజిల్‌ను చిమ్మే ఇంజెక్టరు, వీటి సందుల్లో నీరు తిరిగే ఖాళీలు అన్నీ ఒకే పోత ముక్కలో ఇమిడి ఉంటాయి. అందుకే పాత హెడ్ తీసి మరొకటి పెట్టినప్పుడు ఇంజిన్ గాలి పీల్చే తీరు, వేడిని వదిలించుకునే తీరు రెండూ మారే అవకాశం ఉంటుంది.

ఏ హెడ్ పెట్టాలన్న ఈ ఎంపికను ఒక విద్యగా, కొంతవరకు వ్యసనంగా కూడా, పెంచి పోషించినవారు అమెరికాలో పోటీ కార్ల మెకానిక్కులు. షెవర్లే సంస్థ 1965లో 396 ఘనపుటంగుళాల వి-8 పెట్రోల్ ఇంజిన్‌ను తెచ్చింది. అది 1966లో 427కు, 1970లో 454కు పెరిగింది. అదే సంస్థ 1955 నుంచి చేస్తున్న చిన్న వి-8 కన్నా దీని దిమ్మె బాగా పెద్దది కాబట్టి ఈ కుటుంబానికి బిగ్ బ్లాక్ అన్న పేరు నిలిచింది. ఫ్యాక్టరీ హెడ్‌తో తృప్తి చెందనివారి కోసం ఎడెల్‌బ్రాక్, డార్ట్ వంటి సంస్థలు విడిగా హెడ్లు చేసి అమ్ముతున్నాయి. యంత్రం చేసినవారు గాక బయటివారు చేసే ఇలాంటి విడిభాగాలను ఆఫ్టర్‌మార్కెట్ సరుకు అంటారు.

454 ఇంజిన్ మొత్తం పరిమాణం 7.4 లీటర్లు. నూరు టన్నుల తరగతి డంపర్లలో విరివిగా వాడిన కమిన్స్ కె.టి.ఎ.-38 ఇంజిన్‌ది 38 లీటర్లు. 159 మిల్లీమీటర్ల వ్యాసం, అంతే స్ట్రోకు గల సిలిండర్లు అందులో 12 ఉంటాయి గనుక ఒక్కో సిలిండరే 3 లీటర్లు దాటుతుంది. పేరులోని టి టర్బోకు, ఎ ఆఫ్టర్‌కూలర్‌కు, అంటే టర్బో వేడెక్కించిన గాలిని ఇంజిన్‌లోకి పోయేముందు చల్లార్చే పరికరానికి గుర్తు. సిలిండర్‌కు ఒకటి చొప్పున విడి హెడ్లు, హెడ్‌కు నాలుగు వాల్వులు ఉంటాయి. గోదావరిఖని ప్రాంతంలో బిగ్ బ్లాక్ అన్న మాటకు అర్హత గల యంత్రం రోడ్డు మీద కనిపించదు, గనిలోనే కనిపిస్తుంది.

హెడ్ కొనేవారు మొదట అడిగేది అందులోంచి ఎంత గాలి పోతుందని. దాన్ని కొలవడానికి హెడ్‌ను ఫ్లో బెంచ్ అనే పరికరం మీద పెట్టి, వాల్వును కొంచెం కొంచెంగా తెరుస్తూ, సాధారణంగా 28 అంగుళాల నీటిమట్టమంత పీడనభేదం దగ్గర గాలిని లాగి చూస్తారు. బిగ్ బ్లాక్ హెడ్లలో కోడిగుడ్డు ఆకారపు పోర్టులు గలవి, దీర్ఘచతురస్రపు పోర్టులు గలవి అని రెండు తెగలున్నాయి. మొదటి తెగలోని చిన్నవాటిలో గాలి వాల్వు సుమారు 52 మిల్లీమీటర్లుంటే, రెండో తెగలో 55 మిల్లీమీటర్లు దాటుతుంది. బెంచ్ మీద గెలిచేది రెండోదే. కానీ వేసవిలో గోదావరి ఇసుక మేటల మధ్య సన్నని పాయగా పారేచోట ఉన్న వడి, ఒడ్లు విడిపోయి పరుచుకున్నచోట ఉండదు. పోర్టులో గాలి సంగతీ అంతే. పెద్ద పోర్టులో ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు గాలి వడి తగ్గి, పెట్రోలు సరిగా కలవక, ఇంజిన్ బరువు లాగవలసిన చోట నీరసిస్తుంది. నిమిషానికి 6,500 చుట్లు తిరిగే పోటీ కారుకు నప్పిన హెడ్ పడవ లాగే బండికి నప్పదు. తెలివైన మెకానిక్ అందుకే అతి పెద్ద అంకెను కాక, ఇంజిన్ ఎక్కువకాలం గడిపే వేగం దగ్గరి అంకెను చూస్తాడు.

డంపర్ డీజిల్‌కు ఈ బాధ చాలామటుకు లేదు. దాని గరిష్ఠ వేగం 2,100 చుట్ల దగ్గరే ఉంటుంది, గాలిని టర్బో తోసిపెడుతుంది. రామగుండం ఎండల్లో మాత్రం గాలి లెక్క మళ్ళీ ముందుకు వస్తుంది: 15 డిగ్రీల దగ్గరి గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సాంద్రత 9 శాతానికి పైగా తగ్గుతుంది, చిమ్మే డీజిల్ తగ్గకపోతే పొగ నల్లబడుతుంది, హెడ్ మీద పడే వేడి పెరుగుతుంది. దీనికి మందు ఎయిర్ ఫిల్టరు, టర్బో, ఆఫ్టర్‌కూలర్ల దగ్గర ఉంది గాని, పోర్టును రుద్ది వెడల్పు చేయడంలో లేదు. రుద్దితే ఒరిగేది పోర్టుకు, నీటి ఖాళీకి మధ్యనున్న గోడ పలచబడడమే.

రెండో ప్రశ్న దహన గది పరిమాణం. 454 ఇంజిన్‌లో ఒక సిలిండర్ సుమారు 930 ఘన సెంటీమీటర్ల గాలిని పీలుస్తుంది. పిస్టన్ పైకి వచ్చి నిలిచినప్పుడు దాని పైన మిగిలే చోటు 103 ఘన సెంటీమీటర్లయితే నొక్కుడు నిష్పత్తి (కంప్రెషన్ రేషియో) 10 అవుతుంది, ఆ చోటు 120 అయితే 8.75కు పడిపోతుంది, హెడ్ మార్పులో 17 ఘన సెంటీమీటర్ల తేడా ఇంత పని చేస్తుంది. డంపర్ ఇంజిన్‌లో గది పిస్టన్ తలమీది గుంటలో ఉంటుంది, హెడ్ అడుగు బల్లపరుపుగా ఉంటుంది. అయినా వాల్వు సీటును పదేపదే రుద్ది వాల్వును లోపలికి దింపినకొద్దీ అక్కడ మిగిలే చోటు పెరుగుతుంది, హెడ్ అడుగును చెక్కినకొద్దీ ఇంజెక్టరు ముక్కు, వాల్వు ముఖం పిస్టన్‌కు దగ్గరవుతాయి. రీకండిషన్ చేసిన హెడ్‌ను ఎంచేటప్పుడు వాల్వు లోతు, హెడ్ ఎత్తు, ఇంజెక్టరు ముక్కు పొడవు అనే మూడు కొలతలను తయారీదారు ఇచ్చిన హద్దులతో సరిచూసుకోనిదే బిగించకూడదనే నియమం ఇందువల్లే వచ్చింది.

అయితే గనిలో హెడ్ జాతకాన్ని తేల్చేది వేడి. ఓపెన్‌కాస్ట్ గనుల్లో రవాణా దారికి సాధారణంగా పాటించే వాలు 16కు 1; అంటే 100 మీటర్ల లోతు నుంచి పైకి రావాలంటే డంపర్ నిండు బరువుతో 1,600 మీటర్లు ఎక్కాలి. ఎక్కినంతసేపూ ఇంజిన్ పూర్తి బలంతో పనిచేస్తుంది, డంపింగ్ అయ్యాక ఖాళీగా దిగుతుంది, షావెల్ దగ్గర వంతు కోసం నిలబడుతుంది. హెడ్ అడుగు ఇలా షిఫ్టులో ఎన్నోసార్లు కాగి చల్లారుతుంది. రెండు వాల్వు సీట్ల మధ్యనున్న సన్నని ఇనుప వంతెన మంటకు ఎదురుగా వ్యాకోచించబోతే, నీటి పక్కన చల్లగా ఉన్న మిగతా ఇనుము దాన్ని సాగనివ్వదు. ఎటూ పోలేక అది నలుగుతుంది. చల్లారేటప్పుడు నలిగిన ఆ భాగం కుంచించుకోబోగా, చుట్టూ ఉన్న ఇనుము ఈసారి లాగి పట్టుకుంటుంది; పోత ఇనుము నలుగుడును ఓర్చుకున్నంతగా లాగుడును ఓర్చుకోదు కాబట్టి అక్కడే, లేదా సీటు నుంచి ఇంజెక్టరు రంధ్రం వైపుగా, బీట మొదలవుతుంది. కాలనీలోనే ఉన్న జె.ఎన్.టి.యు. మంథని ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులు థర్మల్ ఫెటీగ్ అని పుస్తకంలో చదివేది ఇదే.

అమెరికా మెకానిక్ ఇక్కడ అల్యూమినియం వైపు మొగ్గుతాడు. అల్యూమినియం మిశ్రమం పోత ఇనుము కన్నా సుమారు మూడింతలు వేగంగా వేడిని దాటిస్తుంది, హెడ్ల బరువును దాదాపు సగానికి తగ్గిస్తుంది, మరమ్మతుకు వెల్డింగ్ కూడా సులువు. డంపర్‌కు ముప్పై కిలోలు తగ్గితే లాభమేమీ లేదు. సిలిండర్‌లోని భారీ పీడనాన్ని వేల గంటలపాటు వంగకుండా భరించేది కావాలి. అందువల్ల అక్కడ పోత ఇనుమే మాట నిలబెట్టుకుంటుంది. ఇనుమును కాపాడే పద్ధతులు కూడా ఖరీదైనవేమీ కావు. టర్బో ఇంజిన్‌ను ఆపేముందు 3 నుంచి 5 నిమిషాలు ఖాళీగా తిరగనివ్వడం, రేడియేటర్ రెక్కల్లో దుమ్ము పేరుకోకుండా చూడడం, అందులో గట్టినీరు పోయకపోవడం వంటివే అవి. గట్టినీటి వల్ల నీటి ఖాళీల్లో పేరుకునే సున్నపు పొర వేడిని ఆపేస్తుంది, పొర వెనుక ఇనుము మాడుతుంది. ఇంత చిన్న సంగతికి ఇంత పెద్ద యంత్రం లొంగడం విడ్డూరంగానే ఉంటుంది.

విప్పిన హెడ్ మళ్ళీ పనికి వస్తుందా రాదా అని తేల్చే పరీక్షలు ఫిట్టర్ల పనిలో చూడదగిన ఘట్టం. మసి, జిడ్డు వదిలేదాకా కడిగి ఆరబెట్టాక, హెడ్ అడుగున ఎర్రటి ద్రవాన్ని స్ప్రే చేసి కొన్ని నిమిషాలు ఆగుతారు. బీట ఉంటే ద్రవం అందులోకి ఇంకుతుంది. పైపైన తుడిచేసి తెల్లటి పొడి స్ప్రే చేస్తే, సుద్దలా పరుచుకున్న ఆ పొర మీద, అప్పటిదాకా కంటికి ఏమీ లేని చోట, వెంట్రుకంత ఎర్రగీత నెమ్మదిగా తేలుతుంది. అది సీటు అంచు దాటి ఎంతదూరం పాకిందన్నదే తీర్పుకు ఆధారం. ఇది పైకి తేలిన బీటను మాత్రమే పట్టిస్తుంది గనుక, నీటిదారులను రబ్బరుతో, పలకలతో మూసి, హెడ్‌ను వేడినీటిలో ముంచి లోపలికి గాలి ఎక్కించే పరీక్ష కూడా చేస్తారు. వేడినీరు ఎందుకంటే చల్లగా ఉన్నప్పుడు మూసుకుపోయి ఉండే సన్నని బీట వేడికి నోరు తెరుస్తుంది, బుడగలు వరుసకడతాయి. వాల్వులు బిగించాక పోర్టులోకి కిరసనాయిలు పోసి వాల్వు అంచు చుట్టూ తడి ఊరుతుందేమో చూస్తారు. సీటు మీద పలుచగా నీలిరంగు పూసి వాల్వును కూర్చోబెట్టి తీస్తే, వాల్వు ముఖం మీద పడిన నీలి ఉంగరం ఎక్కడా తెగకూడదు. ఎగ్జాస్టు వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని మూసుకుని ఉన్నంతసేపూ సీటు ద్వారానే వదిలించుకుంటుంది కాబట్టి, ఆ ఉంగరం తెగినచోట వాల్వు కాలడం మొదలవుతుంది.

ఇక కొనేచోట ఎదురయ్యే ఎంపిక మూడు రకాలు: కంపెనీ హెడ్; సీట్లు, గైడ్లు మార్చి రీకండిషన్ చేసిన హెడ్; బయటి తయారీ హెడ్. బయటిదంటే నకిలీదని కాదు. మంచి పోతశాల నుంచి, సరైన ఇనుముతో, గట్టి మిశ్రమలోహపు సీట్లతో వచ్చినది కంపెనీ సరుకుకు దీటుగా నిలవగలదు. ఇబ్బంది ఏమిటంటే పైకి రెండూ ఒక్కలాగే ఉంటాయి. అందరికన్నా తక్కువ ధర చెప్పినవారిని ఎల్-1 అని పిలిచి సరుకు తీసుకునే టెండరు పద్ధతిలో, హెడ్‌ను ధరతో గాక గంటతో కొలవాలన్న మాటకు విలువ వస్తుంది. డంపర్ వయసును కిలోమీటర్లలో కాక అవర్ మీటరు చూపే గంటల్లోనే లెక్కిస్తారు. ఒక హెడ్ ధర 100 పాళ్ళై 12,000 గంటలు, మరొకటి 65 పాళ్ళై 6,000 గంటలు నడిచాయని లెక్క కోసం అనుకుంటే, వెయ్యి గంటలకు మొదటిదానికి 8.3 పాళ్ళు, రెండోదానికి 10.8 పాళ్ళు ఖర్చవుతుంది. మధ్యలో మరోసారి విప్పి బిగించే కూలి, ఆ రోజుల్లో డంపర్ షెడ్డులో నిలబడినందుకు పోయే ఉత్పత్తి ఇంకా కలపనేలేదు. సిలిండర్‌కు విడి హెడ్ ఉన్న ఇంజిన్‌లో చెడినదాన్ని ఒక్కదాన్నే మార్చుకోవచ్చన్నది నిజంగా పెద్ద వెసులుబాటు. అయితే గంటల లెక్క తెలియాలంటే ఏ హెడ్ ఏ సిలిండర్ మీద ఎప్పుడు ఎక్కిందో హెడ్ నంబరుతో సహా రిజిస్టరులో ఉండాలి.

బయటి తయారీని పరీక్షించడానికి తూకం ఒక మొరటు పద్ధతి, పనికొచ్చే పద్ధతి కూడా: కొలతలన్నీ సరిపోయి బరువు మాత్రం తగ్గిందంటే లోపలి గోడలు పలచగా ఉన్నాయేమోనని అనుమానించాలి. అనుమానం తీరే మార్గం ఒక్కటే, వచ్చిన సరుకులో ఒక హెడ్‌ను రంపం కింద పెట్టడం. వాల్వు సీట్ల మీదుగా నిలువునా కోస్తే, మంటకు, నీటికి మధ్య ఎంత మందం ఇనుముందో, పోత పోసినప్పటి ఇసుక నీటిదారుల మూలల్లో ఇంకా అంటుకుని ఉందో లేదో, రెండు సీట్ల మధ్యకు నీరు అసలు చేరుతుందో లేదో ఆ కోత ముఖం మీదే కనిపిస్తాయి.